జోగారావు గారి ఆకుకూర వైద్యం

మానవజాతి కనిపెట్టిన గొప్ప వస్తువులలో నిప్పు మొదటిది, చక్రం రెండవది, ‘పైవన్నీ’ అనే నాలుగవ ఆప్షను మూడవది. నిప్పు చేతులు కాల్చింది, చక్రం కాళ్లు తొక్కింది. ఎవరికీ అపకారం తలపెట్టక, తెలిసినవాడినీ తెలియనివాడినీ సమదృష్టితో ఆదరించినది ‘పైవన్నీ’ ఒక్కటే. ఈ సత్యాన్ని గ్రహించిన మహనీయుడు ఒకరు చిక్కడపల్లి ముగిసి అశోక్ నగర్ మొదలయ్యే ఒక సందులో, మొదటి అంతస్తు కుడివైపు పోర్షనులో, ఏకాకిగా నివసిస్తున్నారు. ఆయన పేరు జోగారావు.

జోగారావు గారు బిట్లు రాస్తారు. ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, అందులో ఒకటి ఒప్పు, మూడు తప్పు: ఇదే బిట్టు. సర్కారు కొలువు కోసం పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో మంచానికొకరుగా సర్దుకున్న పిల్లలు పొద్దున లేచి బిట్లు చదువుతారు, మధ్యాహ్నం లైబ్రరీలో బిట్లు చదువుతారు, రాత్రి కలలో బిట్లు తప్పుతారు. ఆ పేటలో అమ్ముడయ్యే జనరల్ సైన్సు పుస్తకాలలో సగానికి పైగా జోగారావు గారి సృష్టే. అట్టమీద మాత్రం వేరెవరి పేరో, వేరెవరి ఫొటోనో ఉంటుంది.

ఒప్పు జవాబు ఎవడైనా రాయగలడని, అది పాఠ్యపుస్తకంలో ఉండనే ఉంటుందని, ఒప్పులా కనిపించే తప్పు జవాబును పుట్టించడమే అసలు విద్య అని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పించుకోవడానికి ఎవరూ రాలేదు. తండ్రి గారు గోదావరి జిల్లాలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఫైళ్లతో పాటు కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన గుమాస్తా. కొడుకు చిక్కడపల్లిలోనే పుట్టినా మాట మాత్రం గోదావరి ఒడ్డునే ఆగిపోయింది. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగలలేదు.

ఎడమవైపు పోర్షనులో తరుణ్ అనే కుర్రవాడు, అతని భార్య రేణుక ఉంటారు. తరుణ్ పరీక్షలు రాస్తుంటాడు. రేణుక ఒక బట్టల దుకాణంలో పనిచేసేది, నెలలు నిండేదాకా. పురుడు పోయడానికి ఊరి నుంచి ఆమె తల్లి ఆశమ్మ వచ్చింది. అయితే పురుడు ఎవరి కోసమూ ఆగలేదు. ఆసుపత్రికి పోతున్న ఆటో స్టీల్ బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో నిలిచిపోగా, ఆడపిల్ల ఆ ఆటోలోనే ఈ లోకంలోకి దిగింది. దగ్గరలో కనిపించిన నర్సింగ్ హోంలో బొడ్డు కోశారు, బరువు చూశారు, తల్లీబిడ్డా క్షేమమన్నారు. రెండు రోజులు ఉండమన్నారు కూడా. కాని మర్నాడు తరుణ్‌కు పరీక్ష ఉంది. సాయంత్రానికల్లా అందరూ ఇల్లు చేరారు.

రెండు పోర్షన్లకూ నడుమ గోడ ఒకటే. అది ఇటుక గోడ అని ఇంటి యజమాని వాదం. దానిగుండా వచ్చే పసిపిల్ల ఏడుపు మాత్రం అది గుడ్డతెర అని సాక్ష్యం చెప్పేది. జోగారావు గారు మొదటి రోజు విసుక్కున్నారు. రెండవ వారానికి పొద్దుటి ఏడుపు వినపడనిదే స్టవ్ వెలిగించడం మానేశారు. ఏమీ అమ్మజూపకుండా, ఏ బిల్లూ అడగకుండా ఆయన గదిలోకి వచ్చే గొంతు అదొక్కటే. ఈ సంగతి ఆయన తనకు తానే ఒప్పుకోలేదు.

ఇరవైయొకటో నాడు ఆశమ్మ ఆయన గుమ్మంలో నిలబడింది.

“సారూ, ఇయ్యాల మా మనుమరాలి తొట్టెల. పేరు పెట్టి చెవులు గూడ కుట్టిస్తున్నం. జర రాండ్రి.”

“నేనా?”

“మీరే. ఇంకెవరున్నరిక్కడ?”

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. అది అంతకు ముందే ఇస్త్రీ చేసి ఉందన్నది వేరే విషయం. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండు గంటలపాటు ఎవరూ ఏమీ అడగకపోయినా అందరికీ తలాడించారు, పెట్టింది తిన్నారు, తొట్టెలలో పిల్లను దూరం నుంచి చూశారు. అవుసలాయన, అంటే కంసాలి, వచ్చి పిల్ల చెవి తమ్మెలను వేళ్లతో నలిపి, సన్నని బంగారు తీగ గుచ్చాడు. పిల్ల కెవ్వుమంది. ఆడవాళ్లు నవ్వారు. జోగారావు గారు కళ్లు మూసుకున్నారు. మధ్యాహ్నానికి చుట్టాలు వెళ్లిపోయారు. తరుణ్ మర్నాటి పరీక్షకు వరంగల్ బస్సెక్కాడు.

సాయంత్రం బయట వరండాలో గోల వినిపించింది. తొంగిచూస్తే, ఆశమ్మ ఒడిలో పిల్ల, చేతిలో ఎర్రబారిన దూది. పక్కన రేణుక. కింది హాస్టల్లో ఉండే సాగర్ అనే విద్యార్థి మరో ఇద్దరు మిత్రులతో మెట్లమీద నిలబడి ఉన్నాడు. పసుపు అద్దినా, కాఫీపొడి అద్దినా ఎడమ చెవి నుంచి నెత్తురు ఊరుతూనే ఉంది. ధార కాదు, చుక్క. తుడిస్తే ఆగినట్టే ఆగి, మళ్లీ ఒక చుక్క.

“అమ్మా, దవాఖానకు పోదామా?” అంది రేణుక.

“చెవి కుట్టినంక రకతం రాక పాలొస్తయా? నీకు కుట్టినప్పుడు గూడ వచ్చింది,” అంది ఆశమ్మ. కాని ఆమె చేయి దూదిని వదలలేదు.

సాగర్ అప్పుడు ఆయనను చూశాడు. “ఆగుండ్రక్కా, సార్ ఉన్నడు గదా! సార్, మీరైతే చెప్తరు. ఇది హిమోఫీలియా గిట్ల గాదు గదా?”

జోగారావు గారు ఈ ప్రశ్న కోసం ముప్పై ఏళ్లుగా కాచుకుని ఉన్నారు. ప్రశ్నలు రాసేవాడిని ఎవరూ ప్రశ్న అడగరు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“కాదు నాయనా. ఆడపిల్లలకు హిమోఫీలియా రావడం చాలా అరుదు. వాళ్లు వాహకులు మాత్రమే.”

“నేను జెప్పలేదా?” అన్నాడు రెండో కుర్రవాడు. “మరైతే విటమిన్ సి సార్. చిగుళ్లనుంచి రక్తం.”

“చెవిల నుంచి వస్తుంటే చిగుళ్లంటవేందిరా? అది స్కర్వీ,” అన్నాడు సాగర్. “విటమిన్ కె అయితది. రక్తం గడ్డకట్టుటకు తోడ్పడు విటమిన్.”

“ఆ బిట్టు మొన్న మాక్ టెస్టుల తప్పిచ్చిండ్రు,” అన్నాడు మూడో కుర్రవాడు. “ఆన్సర్ కీల విటమిన్ ‘ఇ’ అని ఉండె. నేను అబ్జెక్షన్ పెడితే అందరికీ మార్కు కలిపిండ్రు.”

“నీకు కలిపినా ఏం ఫాయిదా? క్వాలిఫై కాలే.”

ఆ వరండాలో నిలబడిన వారందరికీ విటమిన్ కె తెలుసు. దానికి ఆ అక్షరం ఏ భాష నుంచి వచ్చిందో తెలుసు, ఏ సంవత్సరం ఎవరికి దానిమీద బహుమతి వచ్చిందో తెలుసు. ఒక సువిశాల విజ్ఞానసభ ఒక పసిపిల్ల చెవి చుట్టూ కొలువుతీరింది. చుక్క మళ్లీ ఊరింది.

“కె విటమినే,” అని జోగారావు గారు తీర్పు చెప్పారు. “సందేహం లేదు. ఆ విటమిన్ ఆకుకూరలలో పుష్కలం. పాలకూర, తోటకూర, క్యాబేజీ. పిల్ల పాలు తాగుతుంది కాబట్టి, తల్లి తినాలి. తల్లికి ఆకుకూర పెట్టండి, రేపటికి సర్దుకుంటుంది. ఈపాటిదానికి ఆసుపత్రి ఎందుకు?”

ఆశమ్మ నోరు తెరిచింది. “బాలింతకు ఆకుకూర పెడ్తరా సారూ ఎవరన్న? పిల్లకు పచ్చగ దొడ్డికెల్తది!”

“అది మూఢనమ్మకమమ్మా. ఇది శాస్త్రం.”

“శాస్త్రమా?” ఆశమ్మ ఎర్రబారిన దూది పడేసి కొత్తది అందుకుంది. “సరే తియ్. మీరు సదువుకున్నోళ్లు.”

ఆ ‘సరే’ జోగారావు గారి జీవితంలో ఒక పట్టాభిషేకం. ఆయన చెప్పులేసుకుని చిక్కడపల్లి మార్కెట్టుకు స్వయంగా బయలుదేరారు. ఆయన ఎప్పుడూ కొనేది రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక నిమ్మకాయ. కూరలమ్మే ఆమె ఆయన చేతిలో ఏడెనిమిది పాలకూర కట్టలు చూసి ఆశ్చర్యపోయింది.

“ఏంది సార్, చుట్టాలొచ్చిండ్రా?”

“అవునమ్మా,” అన్నారు ఆయన. ఆ అబద్ధం ఇంటిదాకా ఆయన వెంట నడిచి వచ్చింది, మంచి కుక్కపిల్లలాగా.

ఆకుకూర సంచీ రేణుక చేతికిచ్చి, ఆయన తన గదిలో కూర్చుని గోడకు చెవి ఒగ్గారు. కొంతసేపటికి పప్పు తిరగమోత వాసన వచ్చింది. వెల్లుల్లి, ఎండుమిర్చి. వండుతున్నారు! ఒక కుటుంబం తన మాట మీద వంట చేసుకుంటున్నది! ఆయన చల్లన్నం ముందు పెట్టుకుని, ఆ వాసనతో కలుపుకుని తృప్తిగా తిన్నారు.

తెల్లవారింది. పొద్దుటి ఏడుపు వినపడలేదు. ఆయన స్టవ్ ముందు నిలబడి ఎదురుచూస్తుండగా తలుపు దడదడలాడింది.

“సార్! పిల్ల పాలు కక్కుతుంది. పాలల్ల రక్తమొస్తుంది సార్. కండ్లు తెరుస్తలేదు.” రేణుక జుట్టు విరబోసుకుని ఉంది. “జర ఆటో బుక్ చెయ్యుండ్రి. నా చేతులు ఆడ్తలెవ్వు.”

ఆయన రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి బుక్ చేశారు. ఆటో వచ్చింది. ఆశమ్మ, రేణుక, పిల్ల వెనుక. జోగారావు గారు డ్రైవరు పక్కన సగం సీటు మీద. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదుగా నారాయణగూడ చేరేదాకా ఆయన వెనుదిరిగి చూడలేదు. ప్రతి సిగ్నలు దగ్గరా రేణుక పిల్లను పేరు పెట్టి పిలుస్తున్నది వినిపించింది. ముందురోజే పెట్టిన పేరు. ఆ పేరుకు పలకడం ఆ పిల్లకు ఇంకా అలవాటు కాలేదు.

పిల్లల ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు నవనీత. బహుశా ముప్పై ఏళ్లుంటాయి. పిల్లను బల్లమీద పడుకోబెట్టి, చెవి చూసింది, పొట్ట మీద చేయి వేసింది, నడినెత్తిని వేలితో తడిమింది. వీపు మీద ఎవరూ గమనించని నీలం మచ్చ ఒకటి కనిపించింది.

“పుట్టగానే తొడకు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా?”

“ఆటోలనే పుట్టింది మేడం. తర్వాత బొడ్డు కోసిండ్రు. మేమే మాపటికి ఇంటికొచ్చేసినం. సూదులు మల్ల వేపిద్దామని...” అని రేణుక చెప్పబోయింది.

డాక్టరు మిగతాది వినలేదు. నర్సుతో ఏదో చెప్పి, రక్తం పరీక్షకు తీయించి, ఫలితం రాకముందే ఇంజెక్షన్ ఇప్పించింది. ప్లాస్మా తెప్పించమంది. తలకు స్కానింగ్ రాసింది. చేతులు పనిచేస్తుండగానే నోరు తల్లికి చెప్పింది:

“ఈ విటమిన్ కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు సరిపడా అందదమ్మా. తల్లిపాలల్లో కూడా చాలా తక్కువ. పేగుల్లో తయారుచేసే బ్యాక్టీరియా ఇంకా కుదురుకోదు. అందుకే పుట్టిన ప్రతి బిడ్డకూ మొదట్లోనే ఒక సూది వేస్తాం. మీకు అది తప్పిపోయింది. రక్తం తలలోకి పోయిందా లేదా అన్నదే ఇప్పుడు నా భయం.”

ఈ వాక్యాలలో మొదటి మూడూ జోగారావు గారు రాసినవే. మూడూ మూడు వేర్వేరు పుటలలో, మూడు వేర్వేరు బిట్లుగా ఉన్నాయి. ఆ మూడింటినీ కలిపి ఒక పిల్ల పక్కన పెట్టి చదవవలెనని ఏ సిలబస్సూ ఆయనకు చెప్పలేదు.

“తల్లి... పాలకూర తింటే?” అని ఆయన గొణిగారు.

డాక్టరు తలెత్తకుండానే అంది: “బండెడు తిన్నా ఈ పిల్లకు ఇప్పుడు పనికిరాదండీ. నిన్నటి నుంచి రక్తం కారుతుంటే నిన్ననే ఎందుకు తేలేదు?”

జోగారావు గారికి ఆ ప్రశ్న కింద నాలుగు ఆప్షన్లు కనిపించాయి. నాలుగింటిలోనూ తన పేరే ఉంది.

బయట కారిడారులో గార్డు అడ్డం వచ్చాడు. “లోపల ఇద్దరికంటే ఎక్కువుండొద్దు. మీరేమైతరు పిల్లకు?”

“పక్క పోర్షను,” అన్నారు జోగారావు గారు.

“అయితే ఆడ కూసోండ్రి.”

ఆయన ఇనుప కుర్చీలో కూర్చున్నారు. తప్పు జవాబును నమ్మదగినట్లు మలచడంలో ఆయనను మించినవాడు లేడు. అందులో సగం నిజం ఉండాలి. వినడానికి పాఠంలాగే ఉండాలి. చెప్పేవాడికి అనుమానం లేనట్టుండాలి. ‘తల్లికి ఆకుకూర పెట్టండి’ అన్నది ఈ లక్షణాలన్నీ కలిగిన కళాఖండం. వేలమంది అభ్యర్థులను మోసగించిన చేయి చివరకు ఒక ఒప్పుకున్న అమ్మమ్మను, ఒక భయపడిన తల్లిని, మాటలు రాని ఒక పిల్లను మోసగించింది. పిల్లకు ఏదైనా అయితే కారకుడు తానే. ఆసుపత్రి ఎందుకు అని అడిగిన నోరు ఇదే.

ఆ నేరభావం అడుగున, సిగ్గుపడవలసినంత చిన్నదిగా, ఒక వెచ్చదనం కూడా ఉన్నది. ఒక ఇంటి కష్టంలో మొట్టమొదటిసారి ఆయనకు ఒక స్థానం దొరికింది. అది దోషి స్థానమే. అయినా స్థానమే. ఆయన దాన్ని చూసి భయపడి ముఖం తిప్పుకున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సాగర్ వచ్చాడు. చేతిలో నీళ్ల సీసా, చంకలో బిట్ల పుస్తకం.

“తరుణన్నకు ఫోన్ చేసిన సార్. పరీక్ష అయినంకనే చెప్పిన. బస్సెక్కిండు.” పక్క కుర్చీలో కూలబడ్డాడు. “ఎట్లున్నది పాప?”

“స్కానింగుకు తీసుకెళ్లారు.”

“మనందరికీ ఆన్సర్ తెల్సు గదా సార్. అయినా గిట్లెందుకైంది?”

“మనకు జవాబు తెలుసు నాయనా. ప్రశ్న తెలియలేదు.”

సాగర్ ఆ మాటను మెచ్చుకోలుగా విన్నాడు. “బాగుంది సార్. ఇది ఎస్సేల రాయొచ్చా?”

సాగర్ కాసేపు పుస్తకం తెరిచి, మూసి, లైబ్రరీలో సీటు పోతుందని లేచి వెళ్లిపోయాడు. ఆయన ఆ ఖాళీలో తన ఒప్పుకోలును నిర్మించసాగారు. దానికి ఉపోద్ఘాతం ఉంది, మధ్య భాగం ఉంది, ముగింపులో శిక్షకు సంసిద్ధత ఉంది. మూడుసార్లు మనసులో తిరగరాశారు. ‘అహంకారం’ అనే మాట ఒకసారి తీసి, మళ్లీ పెట్టారు.

ఎండ కిటికీలోంచి కారిడారు సగం దాకా పాకినప్పుడు ఆశమ్మ బయటికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“తలకాయల ఏం లేదన్నరు సారూ. రకతం ఆగింది. ఇప్పుడే కండ్లు తెరిచి ఏడ్చింది. పాలు పట్టమన్నరు.”

జోగారావు గారు లేచి నిలబడ్డారు. పిల్ల బతికింది. ఇక ఆయన బాకీ ఆయన తీర్చుకోవాలి.

“ఆశమ్మా, నేను మీకొక మాట చెప్పాలి. నిన్న మీరు పిల్లను తీసుకురావలసింది. నేను ఆపాను. నాకు తెలియని వైద్యం చెప్పాను, అహంకారంతో చెప్పాను. నా మాట నమ్మి మీరు ఆ పాలకూర వండి పెట్టి, రాత్రంతా ఊరుకున్నారు. ఈ ఆలస్యానికి బాధ్యుణ్ణి నేను. మీ అమ్మాయి నన్ను ఏమన్నా పడతాను.”

ఆశమ్మ ఆయనను జాలిగా, కొంచెం అయోమయంగా చూసింది.

“మీరు ఆపుడేంది సారూ? తరుణ్ ఫోన్ల అన్నడు, నేను రేపొస్త, అందాక ఆగుండ్రని. అల్లుడు లేంది నేనొక్కదాన్ని యాడికని పోదు? మీరేం చెప్పిండ్రో నాకైతే యాదికి గూడ లేదు.”

“పాలకూర...”

“పాలకూరా?” ఆమె గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. “ఆ, సంచిల తెచ్చిండ్రు గదా. అది గట్లనే ఉన్నది. తొట్టెల వంటకే గ్యాస్ ఒడిసిపాయె. మాపటికి కింద మెస్సుల పప్పు తెచ్చుకొని తిన్నం. మిమ్మల్ని స్టవ్ అడుగుదామనుకున్న గని, మీరు రాసుకుంటుంటరేమోనని అడగలే.”

లోపల నుంచి రేణుక పిలిచింది. ఆశమ్మ వెళ్లిపోయింది. జోగారావు గారికి రాత్రి తాను అన్నంలో కలుపుకున్న తిరగమోత వాసన గుర్తొచ్చింది; అది కింది మెస్సుది.

పక్క పోర్షనుకు గ్యాస్ సిలిండరు మంగళవారం వచ్చింది; అప్పటికి సంచీలోని పాలకూర వాడిపోయి ఉంది.